ముందు దారి ఎవరిది?

అమెరికా పడమటి రాష్ట్రాల్లో కొండబాట ఎక్కబోయే ముందు ఒక పసుపుపచ్చ త్రికోణం బోర్డు తరచుగా ఎదురవుతుంది. మూడు మూలల్లో మూడు బొమ్మలు: గుర్రమెక్కిన రౌతు, వీపున సంచితో నడిచే మనిషి, సైకిలు. మధ్యలో బాణాలు. సైకిలువాడు మిగతా ఇద్దరికీ దారి ఇవ్వాలి. నడిచేవాడు గుర్రానికి ఇవ్వాలి. గుర్రం ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా తెలిసిపోయే బోర్డు. అయినా ఇలాంటి బాటల గురించే నలభై ఏళ్ళుగా సంఘాలు పుట్టాయి, పిటిషన్లు పడ్డాయి, కేసులు అప్పీలు కోర్టుల దాకా వెళ్ళాయి. నాలుగడుగుల వెడల్పు మట్టిదారికి ఇంత రభస ఏమిటని బయటివాళ్ళకు నవ్వు రావచ్చు. ఆ దారి మీద రోజూ తిరిగేవాళ్ళకు రాదు.

మనకెందుకు ఈ గొడవ అంటారేమో. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువాళ్ళకు శని, ఆదివారాల పొద్దుటి కొండనడక ఇప్పుడు ఒక అలవాటు. ఫ్రీమాంట్ పక్కన 2,500 అడుగుల పైచిలుకు ఎత్తున్న మిషన్ పీక్ మీద ఆదివారం పూట తెలుగు మాట చెవిన పడకుండా శిఖరం చేరడం కష్టం. ఇక్కడ ఇంటి దగ్గర చూస్తే, గుర్రాలూ కంచరగాడిదలూ మనుషులూ ఒరుసుకుంటూ నడిచే కేదారం దారిని ఏటా ఎందరో తెలుగు యాత్రికులు ఎక్కుతున్నారు. ఈ రెండు దారుల్లోనూ తలెత్తే ప్రశ్న ఒకటే. జవాబులు మాత్రం కొన్నిచోట్ల ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అదెందుకో ముందు ముందు చూద్దాం.

గొడవ ఎక్కడ మొదలైందో స్పష్టంగానే తెలుసు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే మరీన్ కౌంటీ. అక్కడి టమల్‌పైస్ కొండ మీద నడిచేవాళ్ళ సంప్రదాయం పాతది. టమల్‌పైస్ కన్సర్వేషన్ క్లబ్ 1912లోనే పుట్టింది. ఆ చుట్టుపక్కల గుర్రాలు పెంచేవాళ్ళకూ కొదవ లేదు. 1970లలో ఫెయిర్‌ఫాక్స్ ఊరి కుర్రకారు కొందరు 1930, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్ళు ఏరుకొచ్చి, అడవి మంటలార్పే బళ్ళకోసం వేసిన మట్టిరోడ్ల మీద కిందికి దూకించడం మొదలుపెట్టారు. 1976 అక్టోబర్‌లో పందెం పెట్టారు. రెండు మైళ్ళ లోపే 1,300 అడుగులు దిగిపోయే రోడ్డది. కిందికి చేరేసరికి వెనకచక్రం బ్రేకు హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేది. విప్పి, తుడిచి, మళ్ళీ గ్రీజు కూరితే తప్ప ఆ సైకిలు ఇంకోసారి దిగడానికి పనికిరాదు. అందుకే ఆ రోడ్డుకు రీప్యాక్ అని పేరు పడింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటివాళ్ళు ఆ గుంపులోని వాళ్ళే. 1977లో జో బ్రీజ్ కొండ దిగడానికే ప్రత్యేకంగా ఒక ఫ్రేము తయారుచేశాడు. పదేళ్ళు తిరిగేసరికి మౌంటెన్ బైక్ దేశదేశాల్లో అమ్ముడుపోయే సరుకైంది.

సరుకు ముందు వచ్చింది, మర్యాద వెనక వచ్చింది. అప్పటిదాకా ఆ కొండ మీద ఎంత తొందరున్నవాడైనా మనిషి నడకతోనో గుర్రం నడకతోనో పోయేవాడు. ఒక్కసారిగా మలుపు చాటునుంచి గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో ఒక శాల్తీ ఊడిపడటం మొదలైంది. కౌంటీవాళ్ళు మట్టిరోడ్ల మీద వేగాన్ని గంటకు 15 మైళ్ళకు, అంటే సుమారు 24 కిలోమీటర్లకు కట్టడి చేశారు. ఎవరినైనా దాటేటప్పుడూ, ముందు కనబడని మలుపుల్లోనూ 5 మైళ్ళే. రేంజర్లు రాడార్ తుపాకులు పట్టుకుని చెట్ల పక్కన నిలబడ్డారు. సన్నని బాటల మీదకైతే సైకిళ్ళను రానివ్వలేదు. 1987లో నేషనల్ పార్క్ సర్వీస్, ప్రత్యేకంగా అనుమతించిన చోట తప్ప పార్కుల్లో రోడ్డు దిగి సైకిలు తొక్కకూడదని నియమం పెట్టింది. దాని మీద మరీన్ సైకిల్‌వాళ్ళు కోర్టుకెక్కారు. 1996లో అప్పీలు కోర్టు పార్క్ సర్వీస్ పక్షానే తీర్పిచ్చింది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా 2,650 మైళ్ళు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్‌లోకి 1988 నుంచి సైకిళ్ళకు ప్రవేశం లేదు. గుర్రాలకూ నడిచేవాళ్ళకూ ఉంది.

ఇలా తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతుంటే 1988లో కాలిఫోర్నియా సైకిల్ క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ సైకిల్ సంఘం పెట్టుకున్నాయి. ఆ సంఘం రాసుకున్న బాట నియమాల్లో రెండు ఇక్కడ ముఖ్యం: తగినట్టుగా దారి ఇవ్వు, జంతువులను ఎన్నడూ బెదరగొట్టకు. ఇవి పైనుంచి అధికారులు రుద్దినవి కావు. మర్యాద నేర్చుకోకపోతే ఉన్న దారులూ పోతాయన్న భయంతో సైకిల్‌వాళ్ళు తమకు తాము వేసుకున్న కళ్ళెం అది. బాట మర్యాదంటే ఏదో సహజమైన మంచితనం అనుకునేవాళ్ళు ఈ చరిత్ర గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇప్పుడు త్రికోణం బోర్డులో పైమూలన ఉన్న గుర్రం సంగతి. దానికి పెద్దపీట వేయడం అంతస్తును బట్టి కాదు, స్వభావాన్ని బట్టి. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. సరిగ్గా ముక్కుకు ముందు కాస్త, తోక వెనక కాస్త మాత్రం కనబడదు. అనుమానం వస్తే ముందు పరుగు, తర్వాతే ఆరా. నాలుగైదు వందల కిలోల జంతువు అడుగున్నర పక్కకు గెంతిందంటే పైనున్న రౌతు పడితే తల పగలొచ్చు, పక్కనున్నవాడికి డెక్క తగిలితే ఎముక విరగొచ్చు. సైకిలు ఎలా వస్తుందో గుర్రం వైపునుంచి ఆలోచించండి: వెనకనుంచి, చప్పుడు లేకుండా, వేగంగా, ఒళ్ళు ముందుకు వంచి. పులి వచ్చే పద్ధతి అచ్చం అదే. నడిచేవాడు కూడా గుర్రానికి ఎప్పుడూ మనిషిలా కనబడడు. తలకంటే ఎత్తు సంచి, చేతుల్లో రెండు కర్రలు, ముసుగు టోపీ, వాన వస్తే ఠప్పున విచ్చుకునే గొడుగు. దాని లెక్కలో అదొక వింత మృగం.

అందుకే గుర్రాలవాళ్ళు చెప్పే మొదటి మాట: నోరు విప్పండి. పలకరింపు రౌతుకు కాదు, గుర్రానికి. మాట వినబడగానే ఆ వింత ఆకారం మనిషేనని దానికి తెలుస్తుంది. ఇద్దరు ఎదురుపడ్డ తీరు కాస్త దగ్గరగా చూద్దాం. మలుపు తిరిగిన సైకిలతను ముప్పై గజాల దూరంలో గుర్రాన్ని చూశాడు. బ్రేకు మెల్లగా నొక్కి, ఒక కాలు నేల మీద పెట్టాడు. గుర్రం ఆగింది. మెడ నిక్కింది. రెండు చెవులూ అతని మీదికి సూదుల్లా తిరిగాయి. ముక్కుపుటాలు వెడల్పయ్యాయి. రౌతు పగ్గాలు లాగలేదు. వేళ్ళు మాత్రం బిగిశాయి. “గుడ్ మార్నింగ్, దిగమంటారా?” అని అడిగాడు సైకిలతను. “కొత్త గుర్రం, దిగి ఆ పక్కన నిలబడండి. మాట్లాడుతూనే ఉండండి” అంది రౌతు. అతను దిగి, వాతావరణం గురించి ఏదో చెబుతూ నిలబడ్డాడు. ఒక చెవి పక్కకు వాలింది. తర్వాత రెండోది. తల కిందికి దిగింది. ముక్కులోంచి బుస్సుమని ఊపిరి వదిలి గుర్రం అడుగేసింది. మొత్తం ఒక నిమిషం పని. ఆ నిమిషం ఇవ్వని చోటే ప్రమాదాలు జరుగుతాయి.

చేయకూడనివి చాలామందికి తెలియవు. భయపడి చెట్టు చాటుకు వెళ్ళి నక్కడం అన్నిటికంటే చెడ్డది. పొంచి ఉన్నదేదైనా గుర్రానికి శత్రువే. వెనకనుంచి దగ్గరకొచ్చి గంట కొట్టడం కూడా కొన్ని గుర్రాలకు పడదు. దూరం నుంచే గొంతు వినిపించాలి, రౌతు సరేనన్నాకే దాటాలి. పిల్లలు ముద్దొచ్చి ముట్టుకోబోతారు, అడగకుండా ముట్టుకోకూడదు. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే గుర్రమని గుర్తు, ఆకుపచ్చ రిబ్బనైతే ఇంకా అనుభవం లేనిదని. అయితే ఒక మాట రౌతులకూ చెప్పాలి. సరిగ్గా అలవాటు కాని గుర్రాన్ని ఆదివారం పది గంటలకు కిక్కిరిసిన బాట మీదికి తెచ్చి, లోకమంతా ఆగిపోవాలని ఆశించడం హక్కు కాదు, పొగరు. బోర్డు మీది బాణాలు రౌతు బాధ్యతను చూపించవు. దాన్ని గురించి రాసేవాళ్ళూ తక్కువే.

ఇక సైకిలుకూ నడకకూ మధ్య సంగతి. సైకిలు ఆగి దారి ఇవ్వాలని నియమం. కానీ బాట మీద గంటసేపు నిలబడి చూడండి. ఎగువకు రొప్పుతూ వచ్చే సైకిలును చూసి పదిమందిలో ఎక్కువమంది తామే పక్కకు తప్పుకుని, చేయి ఊపి పొమ్మంటారు. అది సహజం. నడిచేవాడికి పక్కకు ఒక్క అడుగు వేస్తే సరిపోతుంది. సైకిలతను దిగితే ఆ ఏటవాలులో మళ్ళీ ఎక్కడం గగనం. అంటే నియమం ఒకటి చెబుతోంది, మనుషులు తమలో తాము ఇంకోటి ఏర్పాటు చేసుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఇది తప్పేమీ కాదు. తప్పెక్కడంటే, ఎదుటివాడు ఇష్టంతో ఇచ్చిన దారిని సైకిలతను తన బాకీలా వసూలు చేసుకోవడం మొదలుపెట్టినప్పుడు. వేగం తగ్గించకుండా, అతను తప్పుకుంటాడులే అన్న ధీమాతో వచ్చేవాడే నడిచేవాళ్ళ కోపానికి అసలు కారణం. నియమం ఎవరు ఆగాలో చెబుతుంది. దానికి ప్రాణం పోసేది మాత్రం వేగం తగ్గించడం, పలకరించడం. మరీన్‌లోనే తర్వాతి రోజుల్లో అన్ని పక్షాలవాళ్ళూ కలిసి ‘నెమ్మదించి హలో చెప్పండి’ అన్న ప్రచారం నడిపారు. త్రికోణం కంటే అది తెలివైన పాఠం.

పలకరింపులోనూ ఒక చిక్కుంది. అక్కడ సైకిల్‌వాళ్ళు వెనకనుంచి అరిచే కేక ‘ఆన్ యువర్ లెఫ్ట్’. నీ ఎడమపక్కనుంచి దాటుతున్నాను, నువ్వు ఉన్నచోటే ఉండు అని దాని భావం. తెలియనివాడికి వినబడేది ఎడమ అన్న ఒక్క ముక్కే. వెంటనే ఎడమకు గెంతుతాడు, సరిగ్గా సైకిలుకు అడ్డంగా. ఇది అమెరికన్లకూ జరుగుతుంది. ఇండియా నుంచి ఆరు నెలలు పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళకు మరీ ఎక్కువ. వాళ్ళకు పుట్టినప్పటినుంచీ ఎడమవైపు నడిచిన అలవాటు. అక్కడ కుడివైపు నడవాలి. స్వెట్టరు, మంకీ టోపీ, చెవులు సగం మూత. “వెనక సైకిలొస్తోంది మావయ్యగారూ, కుడివైపే ఉండండి” అని కోడలు అరిచేలోపు ఆయన రెండడుగులు ఎడమకు వేసేసి ఉంటారు. తప్పు ఆయనది కాదు. కేక వేసినంత మాత్రాన దాటే హక్కు వచ్చేసిందనుకున్నవాడిది. కేక వేశాక అది చేరిందో లేదో చూసుకోవాలి, చేరేదాకా దాటకూడదు. చాలాచోట్ల సైకిల్ గంటే మేలనిపిస్తుంది: దాని చప్పుడుకు జనం తిరిగి చూస్తారు, గెంతరు.

పరిశోధకులు ఈ గొడవను చాలా ముందునుంచే తవ్వుతున్నారు. 1980లో జేకబ్, ష్రెయర్ అనే ఇద్దరు వినోదపు చోట్లలో వచ్చే తగాదాలకు ఒక సిద్ధాంతం చెప్పారు. దాని సారం ఇది: ఒకడు వచ్చిన పనికి ఇంకొకడి ప్రవర్తన అడ్డం పడిందని మొదటివాడు అనుకున్నప్పుడే తగాదా. ప్రశాంతత కోసం వచ్చినవాడికి అరమైలు దూరంలో సైకిలు కనబడటమే అడ్డం కావచ్చు. కసరత్తు కోసం వచ్చినవాడికి పదిమంది ఎదురైనా పట్టకపోవచ్చు. 1990ల మొదట్లో మోంటానాలో మిసూలా దగ్గరి రాటిల్‌స్నేక్ అడవిలో చేసిన అధ్యయనంతో సహా, తర్వాత వచ్చినవాటిలో తరచుగా తేలింది ఇదే: కోపం ఒకవైపే ఎక్కువ. సైకిల్‌వాళ్ళను చూసి నడిచేవాళ్ళు విసుక్కున్నంతగా, నడిచేవాళ్ళను చూసి సైకిల్‌వాళ్ళు విసుక్కోరు. అందుకే సైకిల్‌వాళ్ళకు గొడవ ఉందన్న సంగతే ఒక్కోసారి తెలియదు. “మేమంతా బాగానే ఉన్నాం కదా” అంటారు. 1994లో రోజర్ మూర్ అమెరికా ఫెడరల్ హైవే శాఖకోసం అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా గుదిగుచ్చి ఇచ్చిన నివేదిక ఇప్పటికీ ఈ విషయంలో మూలగ్రంథంలాంటిది. అందులోని పన్నెండు సూత్రాల్లో మొదటిది జేకబ్, ష్రెయర్ చెప్పినదే. గుర్రానికీ సైకిలుకూ పుట్టుకతో వైరం లేదు. తగాదా పనుల మధ్య కాదు, మనుషుల ఆశల మధ్య.

సైకిల్‌వాళ్ళ ఫిర్యాదు ఒకటి న్యాయమైనదే. బాట పాడవుతుందన్న కారణం చూపి తమను బయట పెట్టారని వాళ్ళంటారు. 1994లోనే విల్సన్, సీనీ అనేవాళ్ళు మోంటానా కొండబాటల మీద గుర్రాలను, మనుషులను, మోటారు సైకిళ్ళను, మామూలు సైకిళ్ళను వరసగా నడిపించి, కృత్రిమంగా వాన కురిపించి, ఎంత మట్టి కొట్టుకుపోయిందో కొలిచారు. తడి నేల మీద డెక్కలూ పాదాలూ వదిలించినంత మట్టి చక్రాలు వదిలించలేదు. పొడి నేల మీద కూడా గుర్రానిదే పైచేయి. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద రక్షించిన అడవుల్లోకి గుర్రం పోవచ్చు, సైకిలు పోకూడదు. మట్టి లెక్కే అసలు లెక్కైతే ఇది తలకిందుల వ్యవహారం. కానీ అది మట్టి లెక్క కాదు. యంత్రం లేని చోటు కాస్తయినా మిగలాలన్న కోరిక అది. ఆ మాట సూటిగా చెబితే ఒప్పుకోవచ్చు. మట్టి పేరు చెప్పి దాటవేయడం బాగాలేదు.

ఇంగ్లండ్ దారి వేరు. అక్కడ ప్రైవేటు పొలాల మధ్యనుంచి కూడా ప్రజలకు నడిచే హక్కున్న బాటలు వేల మైళ్ళున్నాయి. వాటిలో గుర్రాలు పోగలిగినవి అయిదో వంతు కంటే కొంచెం ఎక్కువ. 1968 చట్టం గుర్రపు బాటల మీద సైకిళ్ళకు హక్కిచ్చింది, నడిచేవాళ్ళకూ రౌతులకూ దారి ఇవ్వాలన్న షరతుతో. మౌంటెన్ బైక్ పుట్టడానికి ఎనిమిదేళ్ళ ముందే షరతు చట్టంలో రాసిపెట్టి ఉంది కాబట్టి, అమెరికాలోలా సైకిలు ఉండాలా వద్దా అన్న రగడ అక్కడ అంతగా లేదు. రౌతుల బాధ వేరు: ఉన్న కొద్ది బాటల మధ్య గుర్రాన్ని తీసుకెళ్ళాలంటే కార్లు పరిగెత్తే రోడ్డెక్కాలి. 2022 జనవరిలో మార్చిన హైవే కోడ్ గుర్రాన్ని దాటే కారు గంటకు 10 మైళ్ళ లోపు వేగంతో, కనీసం 2 మీటర్ల ఎడం వదిలి పోవాలంది. అదే కోడ్ ఇంకో సూత్రం కూడా పెట్టింది: ఎక్కువ హాని చేయగలవాడిదే ఎక్కువ బాధ్యత. ఆ లెక్కన నడిచేవాడి విషయంలో రౌతు కూడా బాధ్యుడే. కొండబాట త్రికోణం మాత్రం ఎవడికి అదుపు తక్కువో వాడికి ముందు దారి అంటుంది. రెండూ వేర్వేరు తర్కాలు. నాకు హైవే కోడ్ తర్కమే ఎక్కువ న్యాయంగా తోస్తుంది, కానీ బెదిరిన గుర్రం ముందు తర్కాలు పనిచేయవు.

మర్యాద చాలని చోట కొందరు దారినో రోజునో పంచిపెట్టారు. నార్త్ కరోలినాలో ఫాంటానా సరస్సు ఒడ్డున త్సాలీ అనే చోట నాలుగు చుట్టుబాటలున్నాయి. ఒకరోజు రెండింటి మీద సైకిళ్ళు, మిగతా రెండింటి మీద గుర్రాలు, ఇంకోరోజు తారుమారు. కొలరాడోలో సెంటెనియల్ కోన్ పార్కులో శని, ఆదివారాలు సరిసంఖ్య తేదీ వస్తే సైకిళ్ళది, బేసి వస్తే నడిచేవాళ్ళదీ గుర్రాలదీ. తాహో సరస్సు చుట్టూ తిరిగే ట్రైల్‌లో కొంత భాగంలోకి సైకిళ్ళను సరి తేదీల్లోనే రానిస్తారు. ఢిల్లీలో 2016లో కార్లకు పెట్టిన సరి-బేసి గుర్తొస్తుంది, కాకపోతే ఈ బాటల మీద జనం ఫర్వాలేదనే పాటిస్తారు. ఇందులో నష్టమూ ఉంది. ఎదురుపడని వాళ్ళు ఒకరి గురించి ఒకరు తెలుసుకోరు. సైకిలును ఎన్నడూ చూడని గుర్రం ఎక్కడో ఒకచోట చూడక తప్పదు. అందుకని పంపకం అన్నిచోట్లా మందు కాదు. బాగా కిక్కిరిసే వారాంతాలకు మాత్రం దానికంటే మంచి ఉపాయం కనబడదు. మలుపుల దగ్గర చెట్లు కొట్టి చూపు సాగేలా చేయడం, నిటారు దిగుడు కట్టడి చేసి సైకిలు వేగం దానంతటదే తగ్గేలా బాట వేయడం, అక్కడక్కడ తప్పుకోవడానికి చదును వదలడం లాంటివి బోర్డుల కంటే ఎక్కువ పనిచేస్తాయి. ఖర్చవుతుంది కాబట్టి బోర్డులతో సరిపెడతారు.

ఇక మొదట చెప్పిన ఎదురు జవాబుల సంగతి. కాలిఫోర్నియాలో గుర్రం వస్తే బాటకు పల్లం వైపు దిగి నిలబడమంటారు. కారణముంది: వేటమృగం ఎప్పుడూ పైనుంచి దూకుతుంది కాబట్టి గుర్రానికి ఎత్తున నిలబడ్డవాడంటే భయం, బెదిరినా ఎగువకే పరిగెడుతుంది, అక్కడ రౌతు దాన్ని నిలపడం తేలిక. అదే గ్రాండ్ కాన్యన్‌కు వెళ్ళండి. ప్రయాణికులను మోసుకుని కంచరగాడిదలు దిగే బ్రైట్ ఏంజెల్ ట్రైల్ మీద పార్కువాళ్ళ ఆజ్ఞ పూర్తిగా వేరు: కొండగోడ వైపు జరగండి, అంచు వైపు కాదు, కదలకండి, మాట్లాడకండి, తోలేవాడు చెప్పినట్టు చేయండి, చివరి కంచరగాడిద 50 అడుగులు దాటాకే మళ్ళీ బాట మీదికి రండి. కారణం ఇక్కడా ఉంది. పక్కన నిలువు లోయ. పైగా బరువు మోసే జంతువు గోడకు మూట తగలకుండా ఎప్పుడూ అంచునే పట్టుకుని నడుస్తుంది. అంచున మీరుంటే దాని పొట్ట తగిలి లోయలో పడేది మీరే.

కేదారం దారి ఈ రెండో రకం. గౌరీకుండ్ నుంచి గుడి దాకా సుమారు 16 కిలోమీటర్లు. 2013 జూన్ వరదల్లో దారి మధ్యలోని రాంబాడా మజిలీ కొట్టుకుపోయాక అక్కడినుంచి దారి మందాకిని అవతలి గట్టుకు మారింది. కంచరగాడిదలు, డోలీలు, బుట్టల్లో పెద్దవాళ్ళను మోసేవాళ్ళు, కర్రలు ఊనుకునే నడకవాళ్ళు, అందరూ ఆ ఒక్క రాళ్ళదారి మీదే. ఆ జంతువులకు జనమంటే భయం లేదు. రోజంతా జనంలోనే తిరుగుతాయి. ప్రమాదం బెదరడంలో కాదు, తోయడంలో. తోలేవాడు పగ్గం వదిలేసి నాలుగు జంతువుల వెనక ఎక్కడో ఉంటాడు, “సైడ్, సైడ్” అన్న కేక వచ్చేసరికి మోకాలికి రికాబు తగిలేసి ఉంటుంది. మెడలో గంటలు ఉన్నవి నయం, ముందే వినబడతాయి. కాలిఫోర్నియాలో సైకిలుకు గంట కట్టమని బతిమాలుతున్నది ఇందుకే. అక్కడ పనికొచ్చిన పల్లంవైపు సలహాను ఇక్కడికి తెచ్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది. యమునోత్రి దారి ఇంకా ఇరుకు. 2024 యాత్రాకాలంలో ఒకేసారి ఎన్ని గుర్రాలూ డోలీలూ ఉండాలో అధికారులు పరిమితి పెట్టాల్సి వచ్చింది. సోన్‌ప్రయాగ్ నుంచి కేదారానికి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదొస్తే దారి మీద రద్దీ తగ్గొచ్చు. అప్పటిదాకా ఆ జంతువులకు నీళ్ళూ విశ్రాంతీ దొరుకుతున్నాయా అని ఎక్కేముందు ఒకసారి అడగడం కూడా బాట మర్యాదలో భాగమే.

కొత్తగా వచ్చిపడింది ఈ-బైక్. అమెరికాలో మొదటి తరగతి ఈ-బైక్ తొక్కితే గంటకు 20 మైళ్ళ దాకా సాయపడుతుంది. 2019 ఆగస్టులో అంతర్గత వ్యవహారాల శాఖ ఒక ఉత్తర్వుతో, తన పరిధిలో సైకిళ్ళకు అనుమతున్న బాటల మీదికి వీటినీ రానివ్వమంది. పాత మర్యాదలో ఒక ఊహ ఇమిడి ఉంది: ఎగువకు వెళ్ళేవాడు నెమ్మదిగా వెళతాడు, అలిసి ఉంటాడు, అందుకే అతనికి దారి ఇవ్వాలి. ఈ-బైక్‌తో ఆ ఊహ కూలిపోయింది. ఎగువకు వచ్చేవాడే ఇప్పుడు వేగంగా, చప్పుడు లేకుండా వస్తున్నాడు. ఈ సంగతి త్రికోణం బోర్డుకు ఇంకా తెలియదు.

అన్నీ చూశాక నా తీర్పు ఇది. గుర్రం విషయంలో త్రికోణం సరైనదే, అందులో మార్చాల్సింది లేదు. సైకిలూ నడకా కలిసే చోట ఎవరు ఆగాలన్న ప్రశ్న కంటే ఎంత నెమ్మదిగా రావాలన్నదే అసలు ప్రశ్న, బోర్డు మీద వేగం అంకె పెద్దగా ఉండాలి. కిక్కిరిసే వారాంతాలకు రోజులు పంచాలి. ఈ-బైకులకు ప్రత్యేక నియమం కావాలి, పాత సైకిల్ నియమంలో దూర్చడం కుదరదు.

మిషన్ పీక్ ఎక్కే మనవాళ్ళకు ఒక విన్నపం. నలుగురు పక్కపక్కన నడుస్తూ బాటంతా ఆక్రమించకండి. సంచికి తగిలించిన స్పీకరు ఆపండి; మన పాట ఎంత మంచిదైనా వెనకొచ్చే గంట వినబడాలి. ఇయర్‌ఫోన్ ఒక చెవికి చాలు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు మొదటిరోజే కుడివైపు నడవమని చెప్పండి, సైకిలు కేక వినబడితే గెంతకుండా ఉన్నచోటే ఆగమని చెప్పండి. గుర్రం ఎదురైతే ఎటు నిలబడాలో మీరు నిర్ణయించకండి. రౌతునే అడగండి, ఆ గుర్రం సంగతి తెలిసినవాళ్ళు వాళ్ళే. కేదారం వెళ్ళేవాళ్ళు మాత్రం ఎవరినీ అడగకుండా కొండవైపే నడవండి.